60కి పైగా పోరాటాలు.. ఒక్క ఓటమీ లేదు! అయినా 30 ఏళ్లకు తన గెలుపును తానే అనుమానించిన ముసాషి.. ఎందుకంటే?

కత్తి తిప్పడం నేర్చుకోవడం వేరు.. మనల్ని చంపడానికే వచ్చినవాడి ముందు ఆ కత్తి తిప్పడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా ఏంటో తేల్చుకోవడానికి ఒక మనిషి దాదాపు 20 ఏళ్లు పెట్టాడు. అప్పటికే అతను 60కి పైగా పోరాటాలు గెలిచేశాడు కూడా. అతనే జపాన్ యోధుడు మియమోటో ముసాషి.

ముందు ఓ మాట. కరాటే క్లాసులో బెల్టు మీద బెల్టు తెచ్చుకున్న కుర్రాడు, బయట ఎవడైనా నిజంగా కాలర్ పట్టుకుంటే బిగుసుకుపోవడం కొత్తేం కాదు. నేర్చుకున్నది మర్చిపోయి కాదు. భయం వేసినప్పుడు గుండె దడదడలాడుతుంది. చూపు ఇరుకైపోయి ఎదుటివాడి చెయ్యో, చేతిలోని కత్తో తప్ప ఇంకేం కనపడదు. వేళ్లు చెప్పిన మాట వినవు. క్లాసులో అయితే ఎదురుగా ఉన్న ఫ్రెండ్ ఏ దెబ్బ వేస్తాడో ముందే తెలుసు. బయట తెలీదు. ఒంటికి ట్రైనింగ్ ఇచ్చాం కానీ మనసుకు ఇవ్వలేదు.. గొడవంతా అక్కడే. ముసాషి జీవితం మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

13 ఏళ్లకే తొలి పోరు

ముసాషి పుట్టింది 1584లో. తనది హరిమా ప్రాంతమని అతనే రాసుకున్నాడు. కానీ పక్కనే ఉన్న మిమసాకా ప్రాంతం వాళ్లు మావాడే అంటారు. ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. తండ్రి మునిసాయి కూడా ఆయుధ విద్యలో పేరున్నవాడే. కత్తితో పాటు, కత్తిని అడ్డుకునే జిట్టే అనే ఇనుప కర్ర వాడటంలో దిట్ట.

13 ఏళ్ల వయసులో ముసాషి తొలి పోటీకి దిగాడు. అవతల ఉన్నది అరిమా కిహేయి అనే కత్తి వీరుడు, పెద్దవాడు. పాత జపాన్ లెక్కలో పుట్టగానే ఒక ఏడు వేసేస్తారు. అంటే మన లెక్క ప్రకారం పిల్లాడికి 12 ఏళ్లే. గెలిచాడు. 16 ఏళ్లకు అకియామా అనే బలశాలిని ఓడించాడు. 1600లో జపాన్ తలరాత మార్చిన సెకిగహారా యుద్ధం జరిగింది. అందులో ముసాషి ఏ పక్షాన ఉన్నాడనే దానిపై చరిత్రకారులు ఇంకా ఒక మాట మీదకు రాలేదు. సినిమాల్లో మాత్రం ఓడిపోయిన సైన్యంలో ఉన్నట్టు చూపిస్తారు.

ఆ తర్వాత 21 ఏళ్లకు రాజధాని క్యోటోలో అడుగుపెట్టాడు. అక్కడ యోషియోకా కుటుంబానిది పెద్ద పేరు. పాత షోగన్‌లకు కత్తిసాము నేర్పిన వంశం. ఊరూ పేరూ లేని కుర్రాడు వెళ్లి వాళ్లతో తలపడ్డాడు. ఇంటి పెద్ద సెయిజూరో ఒక్క దెబ్బకు పడిపోయాడు. కోలుకున్నాక కత్తి వదిలేసి గుండు చేయించుకున్నాడు. తమ్ముడు డెన్షిచిరో పగ తీర్చుకోవడానికి వచ్చి ప్రాణాలే పోగొట్టుకున్నాడు. మూడోసారి మతాషిచిరోను ముందు పెట్టుకుని శిష్యులంతా ఆయుధాలతో ఊరి బయట కాపు కాశారు. ముసాషి వాళ్లనూ చెదరగొట్టాడు. ఇవన్నీ అతను పోయిన తొమ్మిదేళ్లకు, 1654లో పెంపుడు కొడుకు ఇయోరి కొకురాలో నిలబెట్టించిన స్మారక శిల మీద చెక్కి ఉన్నాయి. కొడుకు చెక్కించిన రాయి కాబట్టి కాస్త పొగడ్త కలిసే ఉంటుందనుకోండి.

తర్వాతి కాలం కథల్లో ఇంకో విశేషం కనిపిస్తుంది. మొదటి రెండు పోటీలకూ ముసాషి కావాలనే ఆలస్యంగా వెళ్లాడట. ఎదురుచూసి చూసి అవతలివాళ్లకు చిర్రెత్తుకొచ్చింది. మూడోసారి కూడా ఎలాగూ లేటుగానే వస్తాడులే అని వాళ్లు తీరిగ్గా ఉంటే, ఈసారి అందరికంటే ముందే వచ్చి చెట్ల చాటున నిలబడ్డాడట. కత్తి ఒరలోంచి బయటకు రాకముందే సగం పోరాటం అయిపోయింది అన్నమాట!

ఆ దీవిలో అసలేం జరిగింది?

ముసాషి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ససాకి కొజిరోతో పోరాటం. జపాన్‌లో హోన్షూ, క్యూషూ దీవుల మధ్య ఇరుకైన జలసంధి ఉంది. అందులో ఒక చిన్న దీవి. ఎక్కువమంది చెప్పే లెక్క ప్రకారం అది 1612. అప్పుడు ముసాషికి 29 ఏళ్లు. కొజిరో కత్తి మామూలు కత్తుల కంటే బాగా పొడవు. బట్టలారేసే కర్ర అని దానికి ముద్దుపేరు. ఎగిరే పిట్టను కూడా తిప్పికొట్టే దెబ్బ అతనిదని చెప్పుకునేవారు.

కథ ప్రకారం ముసాషి గంటల తరబడి ఆలస్యం చేశాడు. పడవలో వస్తూ వస్తూ ఒక తెడ్డును చెక్కి పొడవాటి చెక్క కత్తి తయారు చేసుకున్నాడు. ఒడ్డున కాలిపోతున్న కొజిరో, అతన్ని చూడగానే కత్తి దూసి ఒరను నీళ్లలోకి విసిరేశాడు. ఒర పారేసినవాడు తిరిగి కత్తిని అందులో పెట్టే ఆశ వదులుకున్నట్టే, ఓడిపోయినట్టే అని ముసాషి అన్నాడట. అంతే, కొజిరో ఒళ్లు తెలియని కోపంతో మీదకు దూకాడు. చెక్క కత్తి తల మీద పడింది. ఆట ముగిసింది. జపాన్‌లో దీన్ని ఎన్నిసార్లు సినిమా తీశారో లెక్కలేదు.

కట్ చేస్తే.. కొకురా రాయి మీద రాసింది వేరే. ఇద్దరూ ఒకే సమయానికి దీవికి చేరారని అందులో ఉంది. చెక్క కత్తితో కొట్టిన మాట నిజమే, ఆలస్యం ఊసే లేదు. లేటుగా వచ్చిన కథ ముసాషి పోయిన వందేళ్లు దాటాక రాసిన పుస్తకాల్లో కనిపిస్తుంది. రెండింట్లో రాయే పాతది కాబట్టి దాన్నే కాస్త ఎక్కువ నమ్మాలి. అంతకంటే పెద్ద ట్విస్ట్ ఏంటంటే, ముసాషి తన పుస్తకంలో ఈ పోరాటం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. కొజిరో పేరే ఎత్తలేదు. ప్రపంచమంతా చెప్పుకునే గెలుపు ఆ మనిషికి రాసుకునేంత విషయంగా అనిపించలేదో ఏమో.

ఎవరో ఒకరు ఆలస్యం కథ అల్లారే అనుకుందాం. అది ముసాషికే అతుక్కుపోవడానికి మాత్రం కారణం ఉంది. ఎదుటివాడి మనసును ముందు కదిలించాలి, చెయ్యి ఆ తర్వాత కదలాలి అనేది అతను నిజంగానే నేర్పిన పాఠం.

గెలిచినోడికే డౌట్ వచ్చింది

13 నుంచి 29 ఏళ్ల వరకు 60కి పైగా పోరాటాలు చేశానని, ఒక్కటి కూడా ఓడిపోలేదని ముసాషి లెక్క చెప్పాడు. ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? ఒక పెద్ద స్కూల్ పెట్టి బోర్డు తగిలించేస్తారు. ముసాషి 30 దాటాక వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తనకు విద్య పూర్తిగా వచ్చి గెలవలేదని తేల్చేశాడు. పుట్టుకతో వచ్చిన ఒడుపు కావచ్చు, దైవం కలిసి రావడం కావచ్చు, ఎదుటివాళ్లు నేర్చుకున్న విద్యలోనే లోపం ఉండొచ్చు అనుకున్నాడు.

ఆగి ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదు. ఆ పోటీల్లో ఓడిపోవడం అంటే చాలాసార్లు చచ్చిపోవడమే. 60 సార్లు ప్రాణం దక్కింది, కానీ ఎందుకు దక్కిందో తనకే తెలీదు! తెలియనిదాన్ని ఇంకొకరికి నేర్పలేం. 61వ సారి అదే పనిచేస్తుందన్న నమ్మకమూ ఉండదు. అందుకే పొద్దున్నా సాయంత్రం సాధన చేస్తూ వెళ్లాడు. 50 ఏళ్ల వయసుకు గానీ విషయం అందలేదని రాసుకున్నాడు. ఏ విద్యలోనూ తనకు గురువు లేడని కూడా చెప్పాడు. నవలలో, సినిమాల్లో టకువాన్ అనే జెన్ సన్యాసి అతనికి దారి చూపిస్తాడు కదా.. అది రచయిత కల్పన. టకువాన్ నిజంగా ఉన్న మనిషే, కత్తి పట్టినవాడి మనసు ఎక్కడా ఆగకూడదని పుస్తకం రాసినవాడే. కానీ అది వేరే కత్తి గురువు యాగ్యూ మునెనోరి కోసం.

ఆ మధ్య ఏళ్లు సుఖంగా ఏం సాగలేదు. మికినోసుకె అనే కుర్రాణ్ని పెంచుకున్నాడు. అతను హిమేజీలో ఓ ప్రభువు దగ్గర కొలువులో చేరాడు. 1626లో ఆ ప్రభువు చనిపోతే, అప్పటి ఆచారం ప్రకారం మికినోసుకె కూడా తన కడుపు తానే కోసుకుని వెంట వెళ్లిపోయాడు. ముసాషి దీని గురించి ఏం అనుకున్నాడో ఎక్కడా రాయలేదు.

ఇంకో దెబ్బ 1638లో తగిలింది. షిమబరాలో రైతులు, క్రైస్తవులు తిరగబడి కోటలో దాక్కుంటే, దాన్ని ముట్టడించిన సైన్యంలో ముసాషి కూడా ఉన్నాడు. 60 మంది కత్తి వీరుల్ని ఓడించిన మనిషి కాళ్ల మీద పైనుంచి ఒక రాయి వచ్చి పడింది. నిలబడటమే కష్టంగా ఉందని అతనే ఉత్తరంలో రాశాడు. ఆ రాయి విసిరింది ఎవరో.. కత్తి పట్టడం రాని ఏ రైతో అయ్యుండొచ్చు!

గుహలో కూర్చుని రాసింది ఇదే

1640లో కుమమోటో ప్రభువు హోసోకవా తదతోషి పిలిస్తే ముసాషి అక్కడికి వెళ్లాడు. మరుసటి ఏడాది ఆయన కోసం 35 అంశాలతో ఒక చిన్న పుస్తకం రాసిచ్చాడు. అదే ఏడాది తదతోషి కన్నుమూశాడు. 1643లో, 60 ఏళ్ల వయసులో, ముసాషి కుమమోటో దగ్గరి కొండ మీద రేయిగండో అనే గుహకు చేరాడు. అక్కడ మొదలుపెట్టిందే గో రిన్ నో షో, అంటే ఐదు వలయాల పుస్తకం. భూమి, నీరు, అగ్ని, గాలి, శూన్యం.. ఇలా ఐదు భాగాలు.

ఇందులో కత్తి దెబ్బల లిస్ట్ ఉంటుందని ఎవరైనా తెరిస్తే నిరాశే. దెబ్బలు ఉన్నాయి కానీ తక్కువ. ఎక్కువ భాగం మనసు గురించే. పోరాటంలో మనసు ఎలా ఉండాలంటే, మామూలు రోజు ఎలా ఉంటుందో అలాగే ఉండాలంటాడు. బిగుసుకోకూడదు, అలాగని జారిపోకూడదు. ఒళ్లు కదలకుండా ఉన్నప్పుడు మనసు నిద్రపోకూడదు. ఒళ్లు వేగంగా కదులుతున్నప్పుడు మనసు తొందరపడకూడదు. వినడానికి ఈజీగానే ఉంది. చంపడానికి వచ్చినవాడి ముందు మామూలుగా ఉండమంటే ఎలా? ముసాషి దీన్ని తిరగేసి చెప్పాడు. పోరాటం రోజున ప్రశాంతంగా ఉండటానికి ప్రయత్నించడం కాదు.. మామూలు రోజుల్లో నడిచే నడక, నిలబడే తీరు, చూసే చూపు అన్నీ పోరాటంలో ఉన్నట్టే ఉండాలి. పోరాటంలో నిలబడే తీరు మామూలు రోజుదే అయ్యుండాలి. రెండూ ఒకటైపోతే అక్కడికి వెళ్లినప్పుడు కొత్తగా మారాల్సిందేం ఉండదు. భయం వచ్చినా ఒళ్లు తనకు అలవాటైన పనే చేస్తుంది.

చూపు గురించి రాసింది చదివితే ఇప్పటి పోలీసు ట్రైనర్లు కూడా తలూపుతారు. కంటితో చూడటం వేరు, గ్రహించడం వేరు అంటాడు. గ్రహించే చూపు బలంగా, మామూలు చూపు మెత్తగా ఉండాలి. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా, దగ్గరున్నదాన్ని దూరంగా చూడాలి. కనుగుడ్డు తిప్పకుండా రెండు పక్కలా ఏం జరుగుతోందో తెలియాలి. ఎదుటివాడి కత్తి మీదో, కాళ్ల మీదో కళ్లు అతికించేయడం తప్పు అంటూ బంతి ఆడేవాళ్లను ఉదాహరణగా చూపించాడు. అలవాటైన ఆటగాడు బంతినే గుచ్చి గుచ్చి చూడడు, అయినా రకరకాలుగా తంతాడు. భయంలో చూపు ఇరుకైపోతుందని మొదట్లో చెప్పుకున్నాం కదా.. దానికి విరుగుడు ఇదే. గొడవ జరిగే రోజున కుదిరేది కాదు, కాబట్టి రోజూ నడిచేటప్పుడే సాధన చేయమన్నాడు.

కత్తి పట్టులోనూ అదే లెక్క. బొటనవేలు, చూపుడువేలు తేలిగ్గా.. ఉంగరం వేలు, చిటికెన వేలు గట్టిగా. మధ్యవేలు అటూ ఇటూ కాకుండా. బిగుసుకుపోయిన చెయ్యి చచ్చిన చెయ్యి అంటాడు. భయపడినవాడు ముందు చేసేది పిడికిలి బిగించడమేగా మరి.

ఇంట్లో దూరిన దొంగ ఎందుకు బలంగా కనిపిస్తాడు?

పుస్తకం మొత్తంలో ఈ భాగమే నాకు బాగా నచ్చింది. శత్రువుగా మారి చూడు అంటాడు ముసాషి. ఒక దొంగ ఇంట్లో దూరి లోపలే దాక్కున్నాడు అనుకోండి. బయట జనం వాణ్ని పెద్ద బలశాలి అనుకుని లోపలికి వెళ్లడానికి జంకుతారు. కానీ వాడి వైపు నుంచి చూస్తే? ఊరంతా చుట్టుముట్టింది, పారిపోయే దారి లేదు, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాడు వేటపిట్ట, లోపలికి వచ్చేవాడు డేగ. భయపడాల్సింది ఎవరో ఇప్పుడు చెప్పండి.

మనసును ఇలా ఒక్కసారి అవతలికి తిప్పి చూస్తే సగం భయం పోతుంది. ఎదుటివాడు మన ఊహలో ఎంత పెద్దవాడైపోయాడో అప్పుడు అర్థమవుతుంది. దీనికి కండ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. కూర్చున్నచోటే చేసుకోవచ్చు.

ఆవలింత గురించి కూడా రాశాడు. ఒకరు ఆవులిస్తే పక్కవాడూ ఆవులిస్తాడు, మనసు కూడా అలాగే అంటుకుంటుంది అంటాడు. అవతలివాడు తొందరపడుతుంటే నువ్వు ఏం పట్టనట్టు నెమ్మదించు, వాడూ సడలిపోతాడు.. అప్పుడు ఒక్కసారిగా దూకు. విసిగించడం, ఉలిక్కిపడేలా చేయడం, బెదరగొట్టడం కూడా విద్యలో భాగమే. ఒకే ఎత్తును రెండోసారి వేయాల్సి రావచ్చేమో కానీ మూడోసారి మాత్రం వేయకు. కొండ అనుకుంటే సముద్రం, సముద్రం అనుకుంటే కొండ చూపించు. పెద్దమనుషుల ఆటలా అనిపించదు ఇది. నిజమే, ఆట కాదు కాబట్టే అలా రాశాడు. ఇప్పుడు రోడ్డు మీద దీన్ని ట్రై చేయమని ఎవరూ చెప్పరు. తప్పుకుని వెళ్లిపోయే దారి ఉంటే అంతకంటే మంచిది లేదు.

మరి డోజోల్లో నేర్పేవాళ్ల మీద అతనికెందుకంత కోపం? గాలి భాగం నిండా ఇతర స్కూళ్లను దులిపేశాడు. ఒకరికి పొడవు కత్తి పిచ్చి, ఒకరికి వేగం పిచ్చి, ఇంకొకరికి వందల కొద్దీ దెబ్బల పిచ్చి. కొత్తవాళ్లను మురిపించడానికి విద్యను సరుకులా అమ్ముతున్నారని, కాయ కంటే పువ్వుకే విలువ పెరిగిందని తిట్టిపోశాడు. ఇంట్లో సన్నటి వెదురు కర్రతో వేళ్ల కొసల మీద చూపించే చిన్న చిన్న ఒడుపులు, ఒంటి మీద కవచంతో చావు బతుకుల మధ్య నిలబడినప్పుడు గుర్తుకే రావంటాడు. 1643 నాటి మాట ఇది. ఇప్పుడు యూట్యూబ్‌లో గాల్లోకి లేచి మూడు చుట్లు తిరిగి తన్నే వీడియోలు చూస్తే ఏమనేవాడో!

పైగా అతను షార్ట్‌కట్ ఏమీ ఇవ్వలేదు. వెయ్యి రోజులు చేస్తే గట్టిపడతావు, పదివేల రోజులు చేస్తే పదునెక్కుతావు అన్నాడు. పదివేల రోజులంటే 27 ఏళ్లు దాటిపోతుంది. వేలమందితో యుద్ధం ఎలాగూ రోజూ ప్రాక్టీస్ చేయలేం కాబట్టి, ఒంటరిగా కత్తి పట్టినప్పుడే ప్రతి శత్రువు ఎత్తునూ బలాన్నీ మనసులో ఊహించుకుంటూ సాధన చేయమన్నాడు. ఇప్పటి ఆటగాళ్లు విజువలైజేషన్ అని పిలిచేది దీనికి చాలా దగ్గర.

చివరి రోజులు

1645 నాటికి ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. పుస్తకాన్ని శిష్యుడు టెరావో మగోనోజోకు అప్పగించాడు. చనిపోవడానికి వారం ముందు డొక్కోడో అని 21 నియమాలు రాశాడు. ఒంటరి దారి అని అర్థం. చేసిన పనికి పశ్చాత్తాపపడకూడదని, విడిపోవాల్సి వస్తే దుఃఖించకూడదని అందులో ఉన్నాయి. దేవుళ్లను గౌరవించాలి కానీ వాళ్ల మీద ఆధారపడకూడదని కూడా ఉంది. 60 గెలుపుల తర్వాత అందులో దైవం వాటా ఎంతో అని అనుమానపడ్డ మనిషి రాసిన మాట అది. దుఃఖించకూడదన్న నియమం చదువుతున్నప్పుడు మాత్రం మికినోసుకె గుర్తుకు రాకుండా ఉండడు. అదే ఏడాది ముసాషి కుమమోటోలో కన్నుమూశాడు. కత్తి పోటు వల్ల కాదు.. జబ్బుతో.

1935 నుంచి 1939 వరకు ఎయిజి యోషికవా దినపత్రికలో రాసిన సీరియల్ అతన్ని జపాన్‌లో ఇంటింటి మనిషిని చేసింది. 1954లో తొషిరో మిఫునె హీరోగా వచ్చిన సినిమాకు ఆస్కార్ గౌరవ పురస్కారం దక్కింది. ఆ తర్వాత వాగబాండ్ మాంగా. మన దగ్గర కుర్రాళ్లలో చాలామందికి ముసాషి పరిచయమైంది అక్కడి నుంచే.

కత్తితో పాటు అతను కుంచె కూడా పట్టాడు. ఒసాకా దగ్గర ఇజుమి నగరంలోని కుబోసో మ్యూజియంలో అతని సిరా బొమ్మ ఒకటి ఉంది. కింది నుంచి పైకి నిటారుగా లేచిన ఒక ఎండు కొమ్మ. దాని చివర ష్రైక్ అనే చిన్న వేటపిట్ట కూర్చుని ఉంటుంది. కొమ్మ మధ్యలో ఒక గొంగళి పురుగు నెమ్మదిగా పైకి పాకుతుంటుంది. పిట్ట దానివైపు చూడటం లేదు.